మైనస్‌ను మైనస్‌తో భాగిస్తే: పూర్ణసంఖ్యల భాగహారంలో గుర్తుల లెక్క, మొదటి మెట్టు నుంచి

ఏడో తరగతి నోట్‌బుక్కుల్లో తరచూ కనిపించే తప్పు ఒకటుంది: −8 − 3 = +11. ఎలా వచ్చిందని అడిగితే పిల్లల జవాబు సిద్ధంగా ఉంటుంది, “మైనస్ మైనస్ ప్లస్ కదా!” ఆ మాట అబద్ధం కాదు, సగం మాట. మైనస్, మైనస్ ఏం చేస్తే ప్లస్? గుణిస్తే, లేదా భాగిస్తే. కూడితే కాదు. పాటలా బట్టీ పట్టే క్రమంలో క్రియ పేరు ఊడిపోయి గుర్తులు మాత్రం మిగిలాయి. ఎనిమిది రూపాయలు అప్పున్నవాడు ఇంకో మూడు అప్పు చేస్తే అప్పు పదకొండు అవుతుంది, చేతిలోకి పదకొండు రావు. కాబట్టి −8 − 3 అంటే −11.

ఇంట్లో పిల్లల చేత లెక్కలు చేయించే తల్లిదండ్రులకూ, పోటీ పరీక్షల కోసం మళ్లీ మొదటి నుంచి చూసుకునేవాళ్లకూ, అమీర్‌పేట కోచింగ్‌లో కోడ్ రాస్తూ శేషం దగ్గర ఆగిపోయినవాళ్లకూ ఈ వ్యాసం. ఇందులో పదేపదే వచ్చే సూత్రం ఒక్కటే: భాగహారంలో గుర్తు తేల్చడం ఒక పని, అంకె తేల్చడం ఇంకో పని. రెండూ ఒకేసారి చేయబోతే తప్పు వస్తుంది.

ముందుగా పేర్లు

పూర్ణాంకాలు అంటే 0, 1, 2, 3… వాటికి −1, −2, −3… కూడా కలిపితే పూర్ణసంఖ్యలు. ఈ రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉండటంతో చాలామంది కలిపేస్తారు. ఈ వ్యాసం పూర్ణసంఖ్యల గురించి. −20 ÷ 4 = −5 అన్నప్పుడు −20 విభాజ్యం, 4 విభాజకం, −5 భాగఫలం. గుర్తు తీసేశాక మిగిలేది పరమమూల్యం: −20 పరమమూల్యం 20.

ఒకే గీత రెండు పనులు చేస్తుందన్నది కూడా మొదటే చెప్పాలి. 9 − 4లో మైనస్ తీసివేత గుర్తు. (−4)లో అది సంఖ్యకు అంటుకున్న గుర్తు. అందుకే రుణసంఖ్యను ÷ పక్కన రాసేటప్పుడు బ్రాకెట్ పెట్టమంటారు: 36 ÷ (−4). బ్రాకెట్ లేకుండా రాస్తే, రెండు గీతలు పక్కపక్కన పడి, కాసేపటికి రాసినవాళ్లకే అర్థం కాదు.

నియమం

రెండింటి గుర్తులు ఒకటే అయితే భాగఫలం ధనం (ప్లస్). గుర్తులు వేరైతే భాగఫలం రుణం (మైనస్).

36 ÷ 4 = 9
(−36) ÷ (−4) = 9
(−36) ÷ 4 = −9
36 ÷ (−4) = −9

నాలుగింటిలోనూ అంకె 9. మారింది గుర్తు ఒక్కటే.

ఇక్కడ పిల్లలు చేసే ఒక తప్పు చూస్తే వాళ్ల ఆలోచన తెలుస్తుంది. 36 ÷ (−4) ఇస్తే +9 అని రాస్తారు. కారణం అడిగితే “పెద్ద సంఖ్య గుర్తు వేయాలి కదా, 36 పెద్దది, దానికి ప్లస్ ఉంది” అంటారు. పెద్ద సంఖ్య గుర్తు వేయడం కూడికలో, అదీ వేరు గుర్తులున్నప్పుడు: 36 + (−4) = 32. భాగహారంలో ఏది పెద్దది, ఏది చిన్నది అన్న ప్రశ్నే లేదు. ఈ తప్పు చేసే పిల్లకు భాగహారం నియమం ఇంకోసారి చెప్పి లాభం లేదు. కూడిక నియమం ఎక్కడ ఆగిపోతుందో చూపించాలి.

లెక్క చేసే క్రమం

మొదట విభాజకం సున్నా అవునో కాదో చూడండి. సున్నా అయితే లెక్క అక్కడితో ఆపేయాలి, ఎందుకో కింద ఉంది.

తర్వాత గుర్తులు మాత్రమే చూడండి, అంకెల జోలికి పోకండి. ఒకటేనా, వేరా? జవాబు గుర్తును కాగితం మీద అప్పుడే రాసేయండి. మనసులో పెట్టుకుంటే పొడుగు భాగహారం పూర్తయ్యేలోపు మరిచిపోతారు.

అప్పుడు గుర్తులు లేని అంకెలతో మామూలు భాగహారం చేయండి. చివర భాగఫలాన్ని విభాజకంతో గుణించి విభాజ్యం వచ్చిందో లేదో, గుర్తుతో సహా, సరిచూడండి.

ఉదాహరణకు (−1,728) ÷ (−36). విభాజకం సున్నా కాదు. రెండూ రుణాలే, కాబట్టి “+” రాసుకున్నాం. 1728ని 36తో భాగిస్తే: 172లో 36 నాలుగుసార్లు, 144 పోగా 28, 8 దింపితే 288, అందులో 36 ఎనిమిదిసార్లు. జవాబు +48. సరిచూస్తే 48 × (−36) = −1,728. సరిపోయింది.

పొడుగు భాగహారం లోపలికి మైనస్‌ను లాక్కెళ్లకండి. −172 లోంచి −144 తీసేస్తే −28, దాని పక్కన 8 దింపితే −288 అవుతుందా, −272 అవుతుందా అన్న అనవసరపు తంటా మొదలవుతుంది. గుర్తును ముందే పక్కన పెట్టేస్తే ఆ ప్రశ్న రానే రాదు. సరిచూడడం కూడా అంకె కోసం కాకపోయినా గుర్తు కోసమైనా చేయాలి. అయిదు సెకన్ల పని.

ఇది ఎందుకు నిజం? అమీర్‌పేట ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తే

భాగహారం అంటే గుణకారాన్ని వెనక్కి అడగడం. (−6) ÷ (−2) ఎంత అంటే, “ఏ సంఖ్యను −2తో గుణిస్తే −6 వస్తుంది?” అని. 3ని గుణిస్తే −6 వస్తుంది. −3ని గుణిస్తే +6 వస్తుంది, అది మనకు పనికిరాదు. కాబట్టి జవాబు 3. అంటే భాగహారానికి వేరే గుర్తుల నియమం లేనే లేదు, గుణకారం నియమమే ఇక్కడా పనిచేస్తోంది.

అది కాగితం మీద సరే. కళ్లకు కనబడాలంటే హైదరాబాద్ మెట్రో ఎర్ర లైనును సంఖ్యారేఖ అనుకోండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లు. అమీర్‌పేట సున్నా. ఎల్బీనగర్ వైపు ప్లస్: పంజాగుట్ట +1, ఇర్రం మంజిల్ +2, ఖైరతాబాద్ +3, అలా వెళ్తే ఎల్బీనగర్ +16. మియాపూర్ వైపు మైనస్: ఎస్సార్ నగర్ −1, ఈఎస్ఐ −2, ఎర్రగడ్డ −3, భరత్‌నగర్ −4, మూసాపేట −5, బాలానగర్ −6, కూకట్‌పల్లి −7, కేపీహెచ్‌బీ −8, జేఎన్టీయూ −9, మియాపూర్ −10.

రైలు రెండేసి స్టేషన్లను ఒక్కో అంగలో దాటుతుందనుకుందాం. ఎల్బీనగర్ వైపు వెళ్లే రైలు అంగ +2, మియాపూర్ వైపు వెళ్లే రైలు అంగ −2. రైలు ఇప్పుడు అమీర్‌పేటలో ఉంది. ఇక నుంచి వేసే అంగలు ధనం, ఇప్పటికే వేసేసినవి రుణం. ప్రతి భాగహారం అడిగే ప్రశ్న ఒకటే: ఆ స్టేషన్‌లో రైలు ఎన్ని అంగల తర్వాత ఉంటుంది, లేదా ఎన్ని అంగల కిందట ఉండేది?

16 ÷ 2: ఎల్బీనగర్ వెళ్లే రైలు ఎల్బీనగర్ చేరడానికి ఇంకా 8 అంగలు. జవాబు +8.

(−10) ÷ (−2): మియాపూర్ వెళ్లే రైలు మియాపూర్ చేరడానికి ఇంకా 5 అంగలు. జవాబు +5. మైనస్‌ను మైనస్‌తో భాగిస్తే ప్లస్ ఎలా అన్నదానికి ఇంతకంటే గారడీ ఏమీ లేదు. వెళ్లాల్సిన వైపే రైలు వెళ్తోంది, కనుక చేరుకోవడం ముందుంది.

16 ÷ (−2): మియాపూర్ వెళ్లే రైలు ఎల్బీనగర్‌లో ఎప్పుడుంది? 8 అంగల కిందట. జవాబు −8.

(−10) ÷ 2: ఎల్బీనగర్ వెళ్లే రైలు మియాపూర్‌లో ఎప్పుడుంది? 5 అంగల కిందట. జవాబు −5.

పిల్లలకు ఈ నాలుగూ నేల మీద సుద్దముక్కతో గీత గీసి, నడిపించి చెప్తే ఇంకా బాగా ఎక్కుతుంది. ఒక పిల్లను సున్నా మీద నిలబెట్టి, “నువ్వు మియాపూర్ పోతున్నావ్, ఎల్బీనగర్‌లో ఎప్పుడున్నావ్?” అని అడిగితే వెనక్కి తిరిగి చూస్తుంది. మైనస్ అంటే ఆ వెనక్కి తిరగడమే.

ఇంకా ఒక మెలిక మిగిలింది: రుణాన్ని రుణంతో గుణిస్తే ధనమని ఎలా నమ్మాలి? 3 + (−3) = 0. దాన్ని దేంతో గుణించినా సున్నాయే రావాలి. −2తో గుణిద్దాం: (−2) × 3 + (−2) × (−3) = 0. మొదటి ముక్క −6. మొత్తం సున్నా కావాలంటే రెండో ముక్క +6 అయి తీరాలి. వేరే దారి లేదు.

ధన, రుణ అన్న మాటలు మనకు కొత్తవి కావు. భిల్లమాలలో ఉన్న బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రాసిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో ధనాన్ని ధనంతో, రుణాన్ని రుణంతో భాగిస్తే ధనమనీ, ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే రుణమనీ చెప్పాడు. ఆస్తి, అప్పు అన్న అర్థంలోనే ఆ పేర్లు. అదే చోట సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని కూడా అన్నాడు. అది మాత్రం నేటి గణితం ఒప్పుకోదు.

సున్నా దగ్గర

0 ÷ (−7) = 0. సున్నాకు గుర్తు లేదు, −0 అని రాయకూడదు. గుర్తు ముందు రాసుకోవాలన్న అలవాటు వల్ల కొందరు ఇక్కడ మైనస్ పెట్టేస్తారు. విభాజ్యం సున్నా అయితే గుర్తు తేల్చే మెట్టు దాటేయండి.

(−7) ÷ 0కు జవాబు లేదు. ఏ సంఖ్యను సున్నాతో గుణిస్తే −7 వస్తుంది? ఏదీ లేదు. 0 ÷ 0లో ఇబ్బంది ఇంకోరకం: ఏ సంఖ్యను సున్నాతో గుణించినా సున్నాయే, కాబట్టి ప్రతి సంఖ్యా జవాబే అవుతుంది, ఏదో ఒకటి అని తేల్చలేం. పరీక్షలో రెండింటికీ “నిర్వచితం కాదు” అని రాయాలి. “సున్నా” అని రాసినా, “అనంతం” అని రాసినా తప్పే.

మూడు, నాలుగు సంఖ్యలు వరుసగా వస్తే

గుణకారాలు, భాగహారాలు మాత్రమే ఉన్న వరుసలో మైనస్ గుర్తులు లెక్కపెట్టండి. సరిసంఖ్యలో ఉంటే జవాబు ధనం, బేసిగా ఉంటే రుణం. పైన (−2) × (−6) × (−5), కింద (−4) × 3 ఉన్నాయనుకోండి. పైన మూడు, కింద ఒకటి, మొత్తం నాలుగు మైనస్‌లు: ధనం. 60ని 12తో భాగిస్తే 5. జవాబు 5.

ఈ లెక్కింపు మధ్యలో కూడిక గానీ తీసివేత గానీ వస్తే చెల్లదు. (−18 + 6) ÷ (−6)లో ముందు బ్రాకెట్ లోపలిది చేయాలి: (−12) ÷ (−6) = 2. 6కీ 6కీ కొట్టేసే తొందర ఇక్కడ చాలామందిని ముంచుతుంది. విడగొట్టి చేయాలంటే పైనున్న రెండింటినీ భాగించాలి: 3 + (−1) = 2. విభాజకాన్ని మాత్రం అలా విడగొట్టడానికి లేదు. 24 ÷ (−2 − 6) అంటే 24 ÷ (−8) = −3. 24ను −2తో ఒకసారి, −6తో ఒకసారి భాగించి కలిపితే −16 వస్తుంది, అది తప్పు.

వరుస క్రమం కూడా ముఖ్యం. భాగహారంలో చోట్లు మార్చడానికి గానీ, ఇష్టమొచ్చినట్టు జట్లు కట్టడానికి గానీ వీల్లేదు. (−48) ÷ (−8) ÷ 2ను ఎడమ నుంచి కుడికి చేస్తే 6 ÷ 2 = 3. ముందు (−8) ÷ 2 చేసేస్తే (−48) ÷ (−4) = 12 వస్తుంది. సరైనది 3. ఏ క్రియ ముందు చేయాలో చెప్పే బాడ్మాస్ (BODMAS) సూత్రంలో భాగహారం పేరు ముందు వస్తుందని గుణకారం కంటే అది ముందు చేయాలనుకుంటారు. రెండిటిదీ ఒకే స్థాయి, ఎడమ నుంచి ఏది ముందొస్తే అది.

వర్గం ఉన్న లెక్కలు విడిగా గుర్తుపెట్టుకోవాలి. (−6)² ÷ (−4)లో బ్రాకెట్ మొత్తానికి వర్గం: 36 ÷ (−4) = −9. అదే −6² ÷ (−4) అయితే వర్గం 6కు మాత్రమే, మైనస్ బయటిది: (−36) ÷ (−4) = 9. ఒక్క బ్రాకెట్‌తో జవాబు తిరగబడింది.

నిశ్శేషంగా భాగం పోనప్పుడు

(−7) ÷ 2కు పూర్ణసంఖ్య జవాబు లేదు. రెండు పూర్ణసంఖ్యలను భాగిస్తే పూర్ణసంఖ్యే రావాలన్న హామీ ఏమీ లేదు. జవాబు −7/2, లేదా −3.5. గుర్తుల నియమం మాత్రం అలాగే ఉంటుంది. భిన్నంగా రాసేటప్పుడు −7/2, 7/−2, −(7/2) మూడూ ఒకటే. మైనస్‌ను హారంలో వదిలేయకుండా పైకి తేవడం పద్ధతి. రెండు చోట్లా మైనస్ ఉంటే, −7/−2, రెండూ పోయి 7/2 మిగులుతుంది.

శేషం రాయమన్నప్పుడే అసలు చిక్కు. (−17)ను 7తో భాగించి శేషం చెప్పమంటే, మనం ఇప్పటిదాకా చెప్పిన పద్ధతిలో 17 ÷ 7 చేసి 2, శేషం 3 అని, భాగఫలానికి మైనస్ తగిలించి “−2, శేషం 3” అని రాసేస్తారు. సరిచూడండి: 7 × (−2) + 3 = −11. తప్పు! గుర్తును పక్కన పెట్టే చిట్కా నిశ్శేష భాగహారానికే. శేషం ఉన్నచోట అది మోసం చేస్తుంది.

సరైన జవాబులు రెండు ఉన్నాయి, రెండూ సరిచూస్తే నిలుస్తాయి. −17 = 7 × (−2) + (−3). అలాగే −17 = 7 × (−3) + 4. గణితంలో మామూలుగా శేషం రుణం కాకూడదు, విభాజకం పరమమూల్యం కంటే తక్కువ ఉండాలి అన్న షరతు పెడతారు. ఆ షరతు ప్రకారం భాగఫలం −3, శేషం 4. దీనికి సులువు: 7 గుణిజాల్లో −17కు ఎడమ పక్కన, అంటే దానికంటే చిన్నదిగా, దగ్గరలో ఏదుందో చూడండి. −21. అక్కడి నుంచి −17కు 4 అడుగులు. అదే శేషం.

ఈ రుణం కాని శేషం బతుకులోనూ పనికొస్తుంది. ఇవాళ బుధవారం, 17 రోజుల కిందట ఏ వారం? శేషం 4, బుధవారం నుంచి నాలుగు ముందుకు లెక్కిస్తే ఆదివారం. రెండు వారాలు, ఇంకో మూడు రోజులు వెనక్కి వెళ్లినా ఆదివారమే.

కోడ్ రాసేవాళ్లు ఇక్కడ ఆగి చూడాలి. ఒకే లెక్కకు భాషను బట్టి జవాబు మారుతుంది (కింద //, / గుర్తులు భాగఫలాన్ని, % శేషాన్ని ఇస్తాయి). పైథాన్‌లో −17 // 7 అంటే −3, −17 % 7 అంటే 4. జావాలోనూ, 1999 ప్రమాణం నుంచి సి భాషలోనూ −17 / 7 అంటే −2, −17 % 7 అంటే −3. పైథాన్ కిందికి దిగుతుంది, జావా సున్నా వైపు కోసేస్తుంది. పైథాన్‌లో శేషం గుర్తు విభాజకాన్ని అనుసరిస్తుంది, జావాలో విభాజ్యాన్ని. వారాల పేర్లు ఏడింటిని ఒక జాబితాలో పెట్టుకుని జావాలో ఈ శేషంతో పేరు వెతికితే −3వ స్థానం అడిగినట్టవుతుంది, ప్రోగ్రాం అక్కడే కూలిపోతుంది. మందు: వచ్చిన శేషానికి 7 కలిపి మళ్లీ 7తో శేషం తీయండి. −3 + 7 = 4. శేషం ముందే ధనంగా ఉన్నా ఇది చెడదు.

ఎక్సెల్‌లో ఇంకా తమాషా. శేషం చెప్పే మాడ్ (MOD) ఫంక్షన్ −17, 7లకు 4 ఇస్తుంది. భాగఫలం చెప్పే కోషెంట్ (QUOTIENT) ఫంక్షన్ −2 ఇస్తుంది. అంటే ఒకే షీట్‌లో ఈ రెండూ కలిపి వాడితే −2, 4 వస్తాయి; 7 × (−2) + 4 = −10, విభాజ్యం తిరిగి రాదు. మాడ్‌కు జోడీగా భాగించి ఇంట్ (INT) ఫంక్షన్ వాడితే −3 వస్తుంది, అప్పుడు లెక్క కుదురుతుంది.

విభాజకం కూడా రుణమైతే, (−17) ÷ (−7)లో గణిత షరతు ప్రకారం భాగఫలం 3, శేషం 4: (−7) × 3 + 4 = −17. జావా, పైథాన్ రెండూ ఇక్కడ ఏకమై 2, −3 అంటాయి.

కంప్యూటర్‌లో రుణాన్ని రుణంతో భాగిస్తే రుణం వచ్చే సందర్భం కూడా ఒకటుంది. జావాలో 32 బిట్ల పూర్ణసంఖ్యల్లో అతి చిన్నది −2,147,483,648, అతి పెద్దది 2,147,483,647. ఆ అతి చిన్నదాన్ని −1తో భాగిస్తే రావాల్సిన జవాబుకు చోటు చాలక మళ్లీ −2,147,483,648 వస్తుంది. గణితం తప్పలేదు, పెట్టె చిన్నది.

కాల్క్యులేటర్ మీద

మామూలు షాపు కాల్క్యులేటర్‌లో 10 ÷ − 2 = నొక్కితే చాలా వాటిలో 8 వస్తుంది, −5 రాదు. ÷ తర్వాత − నొక్కగానే అది భాగహారాన్ని మరిచి తీసివేతకు మారిపోతుంది. 10 ÷ 2 నొక్కి, +/− మీట నొక్కి, అప్పుడు = నొక్కాలి. సైంటిఫిక్ కాల్క్యులేటర్లలో గుర్తు కోసం బ్రాకెట్‌లో మైనస్ ఉన్న మీట వేరుగా ఉంటుంది. ఫోన్‌లో అయితే బ్రాకెట్ పెట్టడం అన్నిటికంటే క్షేమం.

వర్గాల దగ్గర మళ్లీ జాగ్రత్త. ఎక్సెల్‌లో =−3^2 కొడితే 9 వస్తుంది. పైథాన్‌లో అదే లెక్క, −3**2, అంటే −9. పుస్తకంలో నేర్చుకున్నది పైథాన్‌తో కలుస్తుంది, ఎక్సెల్‌తో కలవదు.

సమీకరణాల్లో

−7క = 63. “మైనస్ అటు వెళ్తే ప్లస్ అవుతుంది” అన్న ఇంకో సగం మాట వల్ల క = 63 ÷ 7 = 9 అని రాస్తారు. 9ని −7తో గుణిస్తే −63, కాబట్టి తప్పు. అటు వెళ్తే గుర్తు మారేది కలిసి ఉన్న పదానికి, గుణిస్తూ ఉన్నదానికి కాదు. −7 ఇక్కడ గుణిస్తోంది, కనుక రెండు వైపులా −7తోనే భాగించాలి: క = 63 ÷ (−7) = −9.

అసమీకరణాల్లో (పెద్దది, చిన్నది అని పోల్చేవాటిలో) రుణసంఖ్యతో భాగిస్తే పోలిక గుర్తు తిరుగుతుంది: −3క > 12 అయితే క < −4. −5 పెట్టి చూస్తే 15 > 12, నిజమే.

మాటల్లో ఇచ్చిన లెక్కలు

ఇక్కడ గుర్తు తప్పడానికి కారణం భాగహారం కాదు, మాటను సంఖ్యగా మార్చడం. ముందు ఏది సున్నా, ఏ వైపు ప్లస్ అన్నది కాగితం మీద రాయండి.

గండిపేట చెరువు (ఉస్మాన్‌సాగర్) పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు. దాన్ని సున్నా అనుకుందాం. నిండిన మూడు నెలలకు మట్టం 1,784కు వచ్చిందనుకోండి: మార్పు −6, (−6) ÷ 3 = −2. నెలకు రెండడుగుల తగ్గుదల. ఇదే తీరున సాగితే 1,780కి ఎప్పుడొస్తుంది? (−10) ÷ (−2) = 5, నిండిన అయిదు నెలలకు. ఇప్పుడు తిప్పి అడుగుదాం: నెలకు 3 అడుగుల చొప్పున పెరుగుతూ చెరువు ఇవాళే నిండింది, 1,784 దగ్గర ఎప్పుడుంది? (−6) ÷ 3 = −2. రెండు నెలల కిందట. మెట్రో రైలు లెక్కే ఇది.

నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు −1. 150 సరైనవి రాసిన అభ్యర్థికి మొత్తం 578 వచ్చాయంటే తప్పులెన్ని? సరైనవాటికి 600. తేడా 578 − 600 = −22. (−22) ÷ (−1) = 22 తప్పులు. తప్పుల సంఖ్య రుణంగా వచ్చిందంటే ఎక్కడో తేడాను తిరగేసి తీశారన్నమాట.

నలుగురు కలిసి బిర్యానీ తిన్నారు, బిల్లు 2,400, డబ్బు ఇంకా కట్టలేదు. (−2,400) ÷ 4 = −600, తలా ఆరువందల అప్పు. తలా −600, మొత్తం −2,400 అని ఇచ్చి ఎంతమంది అంటే (−2,400) ÷ (−600) = 4. అంతేగానీ మనుషులను −4 అని రాసి భాగించకండి. అంకె సరిపోయినా, −4 మంది హోటల్‌కు రారు.

చేసి చూడడానికి

1) (−91) ÷ 7
2) (−144) ÷ (−9)
3) 0 ÷ (−25)
4) 225 ÷ (−15)
5) (−12)² ÷ (−8)
6) −12² ÷ (−8)
7) (−96) ÷ 8 ÷ (−2) × 3
8) (−5 − 13) ÷ [−11 − (−5)]
9) (−29)ను 6తో భాగిస్తే వచ్చే భాగఫలం, రుణం కాని శేషం
10) −4క = 52
11) (−24) ÷ (−6) + (−15) ÷ 5 − (−8) ÷ (−2)

జవాబులు: 1) −13, 2) 16, 3) 0, 4) −15, 5) −18, 6) 18, 7) 18, 8) 3, 9) −5, శేషం 1, 10) −13, 11) −3.

ఏడో లెక్కకు 2 వచ్చిందంటే (−2) × 3 ముందు చేసేశారు. తొమ్మిదోదానికి −4, శేషం 5 వచ్చిందంటే గుర్తును చివర అతికించారు; 6 × (−4) + 5 = −19 అవుతుంది. పదకొండోదానికి 5 వచ్చిందంటే చివరి భాగహారం ముందున్న తీసివేత గుర్తును వదిలేసి 4ను కూడేశారు: అక్కడ (−8) ÷ (−2) ముందు 4 కావాలి, ఆ తర్వాతే 4 + (−3) − 4.